అన్నకి పని దొరికింది

క్వారీ మూతపడిన ఏడాదే మా అన్న మా వదినను మొదటిసారి కొట్టాడు. అంతకుముందు కొట్టలేదా అంటే, లేదు. నేను ఆ ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని. పెళ్లయ్యాక కూడా రెండు వీధుల అవతలే కాపురం. మా ఆయన లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటాడు. అందుకని నా తిండీ, నా తగాదాలూ అన్నీ పుట్టింట్లోనే. అక్కడ గిన్నె కిందపడినా నాకు తెలుస్తుంది. అన్న పొద్దున్నే గడ్డపార భుజాన వేసుకుని పోయేవాడు. సాయంత్రం కనుబొమల దాకా దుమ్ముతో వచ్చి, నీళ్లు పోసుకుని, కంచం ముందు కునికిపాట్లు పడేవాడు. కొట్టడానికి ఓపిక ఉండేది కాదు ఆ మనిషికి.

మాది నాపరాయి ఊరు. మా నేల కింద రాయి పొరలు పొరలుగా ఉంటుంది. పొర సందులో ఉలి పెట్టి, సమ్మెటతో కొట్టి, గడ్డపారతో పైకి లేపితే తలుపు రెక్కంత పలక ఊడి వస్తుంది. పల్నాట్లో ఎన్ని ఇళ్లల్లో ఆ పలకలు పరిచారో, వాటి మీద ఎంతమంది దోగాడి నడక నేర్చారో లెక్కలేదు. తర్వాత టైల్స్ వచ్చాయి. ఫోన్లో బొమ్మ చూసి ఎంచుకోవచ్చు, వేయించుకుంటే ఇల్లు తళతళలాడుతుంది. ఇక నాపరాయి గొడ్ల చావిడికీ, పెరటి దారికీ మిగిలింది. ఒక క్వారీ ఆగింది, పక్కది ఆగింది, చివరికి అన్న పనిచేసేదీ ఆగింది. నీళ్లు తోడే మోటార్లు తీసుకుపోయారు. రెండు వానాకాలాలకి గుంట నిండిపోతే ఎవరో అందులో చేప పిల్లల్ని కూడా వదిలారు.

ఊళ్లో పని లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పని ఉంది. రోడ్డు మీద సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. దాని ముందు ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో వచ్చిన మనుషులు బస్సులు దిగుతూనే ఉంటారు. మిరపకాయ కోతలకి పొద్దు పొడిచీ పొడవకముందే ఆటోలు వచ్చి ఆడవాళ్లని కుక్కుకుని పోతాయి. లేనిదల్లా రాయి కొట్టడం తప్ప మరోటి నేర్వని మగవాళ్లకి పని. వాళ్లని కోతకి రమ్మంటే రారు. కాయలు కొయ్యడం ఆడపని. సమ్మెట పట్టిన చెయ్యి ఒడి కట్టుకుని మిరపకాయలు తెంపుతుందా? చచ్చినా తెంపదు.

కాబట్టి వదిన కోతకి పోయేది, అన్న అరుగు మీద కూర్చునేవాడు. ఒకరోజు ఆమె భగభగ మండే చేతులతో ఇంటికొచ్చి, పొయ్యి మీద ఏమీ లేకపోవడం చూసి, "కాస్త అన్నం వార్చి ఉంచితే ఏం పోయింది?" అంది. అంతే. చేతిలో ఉన్న ఇత్తడి చెంబుతో నోటి మీద కొట్టాడు. పన్ను ఊడి దోసిట్లో పడింది. నేను పరిగెత్తుకుని పోయేసరికి ఆమె కారం చేత్తోనే నోరు పట్టుకుని కూర్చుని ఉంది. చిగుళ్లకి కారం తగిలి ఆమె అరిచిన అరుపు వీధి చివరిదాకా వినిపించింది.

మా ఇంటి మనుషులకి చెయ్యి ముందు, నోరు వెనక. నేనూ ఆ కడుపున పుట్టినదాన్నే కదా. గుమ్మం పక్కనున్న రాయి తీసి అన్న మీదికి విసిరాను. కణత పక్కనుంచి పోయి గోడకి తగిలి పెచ్చు ఊడింది. ఇంకోటి తీసుకునే లోపల మా అమ్మ వెనకనుంచి నా జుట్టు పట్టుకుంది.

"మొగోడికి పని లేకపోతే మడిసి మడిసిలాగా ఉంటాడా? కొంచెం ఓర్చుకోవాల" అంది.

"ఓర్చుకునేది నీ పళ్లా, ఆమె పళ్లా?" అన్నాను.

తర్వాత అది అలవాటయింది. చెప్పు, బెల్టు, పొయ్యిలో కట్టె, ఏది చేతికందితే అది. వారానికి ఒకసారి, ఒక్కోసారి రెండుసార్లు. వదిన పుట్టింటికి పోదామంటే అక్కడ అన్నదమ్ములదీ రాతి పనే, అక్కడా క్వారీలు మూతే. పెద్దమనుషుల్లో పెడితే వాళ్లూ అమ్మ మాటే అన్నారు: "చేతికి పని లేక కొడతన్నాడమ్మా, పని దొరికితే వాడే మానేస్తాడు." నాకు ఒళ్లు మండింది. మండినా ఆ మాట బుర్రలో నాటుకుపోయింది. ఆ రెండేళ్లూ నాకున్న ధ్యాస ఒకటే. అన్నకి ఎట్లాగైనా ఒక పని చూడాలి, వదిన ఒంటి మీద దెబ్బలు ఆగాలి.

క్వారీ మూతపడి మూడో ఏడు నడుస్తుండగా ఊరి సచివాలయంలో నన్ను తాత్కాలికంగా సర్వేకి తీసుకున్నారు. ఫ్యాక్టరీ పెంచుతున్నారనీ, చుట్టుపక్కల ఊళ్లల్లో పని లేనివాళ్ల జాబితా కావాలనీ, ముందు అందులోంచే పిలుస్తారనీ చెప్పారు. నా చేతికి ఒక ట్యాబ్ ఇచ్చారు. దేవుడు కళ్లు తెరిచాడనుకున్నాను. ఆ ట్యాబ్ ఇంటికి తెచ్చుకుని వదినకి చూపించి, "చూడు వదినా, దీంట్లో అన్న పేరు పడితే చాలు" అన్నాను. ఆమె చెయ్యి పమిటకి తుడుచుకుని దాన్ని ఒకసారి ముట్టుకుంది.

అందులో ప్రశ్న ఇలా ఉంది: "ప్రస్తుతం మీరు ఏమి పని చేయుచున్నారు?" కింద జవాబుల గడులు. వ్యవసాయం, కూలి, వృత్తి పని, ఉద్యోగం, ఏ పనీ లేదు. మా ఊళ్లో 'ప్రస్తుతం' అనే మాట ఎవరూ అనరు, అది టీవీ వార్తల్లో మాట. దాన్ని మార్చి 'ఇప్పుడేం చేస్తన్నావ్?' అని అడుగుదామంటే, గడప ముందు నిలబడి మగవాణ్ణి అలా అడగడం తిట్టడంతో సమానం. 'పనీపాటా లేనోడివా?' అని ముఖాన అడిగినట్టే. అందుకని ఆ ఒక్క మాట మింగేశాను. "ఏం పని చేస్తావ్ బాబాయ్?" "ఏం పని చేస్తావ్ మామా?" అని అడుగుతూ ఇల్లిల్లూ తిరిగాను.

వాళ్లు ఏం చెబుతారు? "రాతి పనమ్మా" అన్నారు. ఏ ఇంటికి పోయినా రాతి పనే. అబద్ధం చెప్పలేదు వాళ్లు, అడిగినదానికి జవాబు చెప్పారు. పాతికేళ్లు రాయి కొట్టినవాడు రాతిపనివాడే, క్వారీలో చేపలు తిరిగినా సరే. నేను 'వృత్తి పని' గడి మీద వేలు పెట్టుకుంటూ పోయాను. ఊరి చివర ఒక ముసలి తాత మాత్రం, "నాకేం పనుందే మనవరాలా, చావటమే పని" అని బోసినోటితో నవ్వాడు. ఆయనకి 'ఏ పనీ లేదు' అని పెట్టాను.

మా పుట్టిల్లు చివర పెట్టుకున్నాను. అన్న అరుగు మీద కూర్చుని సమ్మెటకి కొత్త కర్ర బిగిస్తున్నాడు. ఎందుకు బిగిస్తున్నాడో వాడికే తెలియాలి. వదిన లోపల తలుపు చాటున నిలబడి ఉంది.

"అన్నా, ఏ పనీ లేదని పెడతన్నా. ఫ్యాక్టరీకి పిలుస్తారు" అన్నాను.

"ఏందీ?"

"పని లేదని."

"నేను రాతిపనోణ్ణి. అది రాయి."

"క్వారీ యాడుంది అన్నా రాయటానికి? గాలాలేసి చేపలు పడతన్నారు దాంట్లో."

లేచి నిలబడ్డాడు. సమ్మెట చేతిలోనే ఉంది. "ఊరంతా తిరిగి అందరికీ పనుందని రాసి, సొంత అన్నని పనీపాటా లేనోడని ఎక్కిస్తావా? ఎక్కించు. నీ తల, ఆ డబ్బా, రెండూ ఒక్క దెబ్బకి పోతయ్" అన్నాడు. తలుపు చాటునుంచి వదిన, పని లేదనే రాసెయ్ రాసెయ్ అన్నట్టు చెయ్యి ఊపుతోంది. అన్న ఆ చెయ్యి చూశాడు. లోపలికి పోయి ఆమెను జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. తల తగిలిన చప్పుడు విని నేను, "సరేరా చావు! రాతిపనే రాస్తన్నా, చావు!" అని అరిచి 'వృత్తి పని' నొక్కేశాను. అప్పుడైనా నాకు తట్టాలి, ఊరంతా మళ్లీ తిరగాలని. తట్టలేదు. కోపంలో ఉంటే నాకు కళ్లు కనపడవు.

జాబితా పైకి పోయింది. మా ఊళ్లో పని లేని మనిషి ఒకే ఒక్కడని తేలింది. కొన్నాళ్లకి ఫ్యాక్టరీ నుంచి ఎవరో ఆ ముసలి తాత మనవడి ఫోనుకి చేసి, రెండో షిఫ్టుకి రాగలడా అని అడిగారట. ఊరంతా పడీపడీ నవ్వింది. ఆ నవ్వు మూడు రోజులే. వాగు అవతలి ఊళ్లో నాలాంటి సర్వే మనిషే ఒకడు టీ కొట్లో కూర్చుని, ఎవరినీ అడగకుండా మగవాళ్లందరికీ 'ఏ పనీ లేదు' అని నొక్కేశాడని, వాళ్లని డజన్ల కొద్దీ పిలుస్తున్నారని నాలుగో రోజు తెలిసింది. అప్పుడు అందరూ నా ముఖం చూశారు.

ఎవరూ నన్ను కొట్టలేదు. కొడితే బాగుండేది. ఒక బాబాయి మాత్రం, "నువ్వు సదువుకున్నదానివి గదమ్మా" అన్నాడు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది.

వాగు అవతలివాళ్లని చేర్చుకునే రోజు పొద్దున మా ఊరి మగవాళ్లు గేటు దగ్గరికి బయల్దేరారు. సర్టిఫికెట్లు లేవు కదా, పనివాళ్లమని చూపించుకోవడానికి పనిముట్లు పట్టుకుని పోయారు. ఒకడి భుజాన సమ్మెట, ఒకడి చేతిలో ఉలి, అన్న దగ్గర గడ్డపార. పెద్దసార్లు చూస్తే వీళ్లు కష్టం చేసేవాళ్లని తెలుస్తుందని వాళ్ల ఆశ. నేను కూడా పోయాను, పొరపాటు నాదని చెబుదామని. గేటు బయట ఈ పక్క మేము, ఆ పక్క లైన్లో వాగు అవతలి ఊరివాళ్లు.

పావుగంట బాగానే ఉంది. లోపలివాళ్లు పెద్దసారుకి చెబుతామన్నారు. ఈలోపల లైన్లోంచి ఒకడు, "పనిలేనోడు పిల్లి తల గొరిగాడంట. పోయి గొరుక్కోండిరా" అన్నాడు. లైనంతా నవ్వింది.

ఎవరు ముందు కొట్టారని తర్వాత కోర్టులో అడిగారు. నాకు తెలుసు, చెప్పను. రాళ్లు లేచాయి. చూపించుకోవడానికి తెచ్చిన పనిముట్లు ఒక్క నిమిషంలో వేరే పనిలోకి దిగాయి. ఒకడి చెవి సగం తెగి వేలాడింది. మా ఊరి మామ ఒకడు సమ్మెట దెబ్బకి మోకాళ్ల మీద కూలి, నోట్లోంచి నురగ కక్కాడు. అన్న ఆ మాట అన్నవాణ్ణే వెతుక్కుంటూ పోయాడు. వాడు పరిగెత్తబోయి పడితే, పడినవాడి ముంగాలి ఎముక మీద గడ్డపార దించాడు. పలక విరిగినప్పుడు వచ్చే చప్పుడే వచ్చింది. మళ్లీ ఎత్తాడు. అప్పుడు పోలీసు జీపు హారను వినబడింది. ఎత్తిన గడ్డపార అట్లాగే ఆపి, పక్కన పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

గురజాల కోర్టులో కేసయింది. అన్నని బెయిలు మీద బయటికి తెచ్చింది మేము కాదు. ఆ ఫ్యాక్టరీ గేటు కాపలా కాంట్రాక్టరు. అతను లోపల నిలబడి అంతా చూశాడట. నేరుగా మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగుతూ చెప్పాడు: "కొట్టేవాళ్లు చానామంది దొరుకుతారమ్మా. ఆగమన్నప్పుడు ఆగేవాడు దొరకడు. మీవాడు ఆగాడు. పైగా మీ ఊరోడు గేట్లో ఉంటే మీ ఊరోళ్లు రారు." ముదురు నీలం చొక్కా, ప్యాంటు, బూట్లు, ఒక లాఠీ ఇచ్చాడు. కోతలు మొదలయ్యే రోజుల్లో అన్న పనిలో చేరాడు. అమ్మ గుళ్లో కొబ్బరికాయ కొట్టించింది. నాకు సిగ్గూ వేసింది, సంతోషమూ వేసింది. సంతోషమే ఎక్కువని ఒప్పుకుంటున్నాను.

ఆ కోతల కాలమంతా నేను ఊరంతా మళ్లీ తిరిగాను, జీతం లేకుండానే. ఈసారి మాట మింగలేదు. "ఇప్పుడు, ఈ నెల, ఏం పని చేస్తన్నావ్?" అని ముఖం మీదే అడిగాను. తిట్టారు, ఒకడు చెప్పు కూడా విసిరాడు. కానీ రాయించుకున్నారు. ఆడవాళ్ల పేర్లు కూడా రాశాను. ఎందుకంటే కోతలు అయిపోతే వాళ్లకీ పని లేదు, ఫ్యాక్టరీలో ఊడవడానికీ, బస్తాలు దులపడానికీ బయటి ఊళ్ల నుంచి ఆడవాళ్లని బస్సులో తెస్తున్నారు. ఎండలు ముదిరాక ఒక ఉదయం ఆ కాగితాలు పట్టుకుని ఇరవై మందిమి ఆడవాళ్లం గేటు దగ్గరికి పోయాం. మా వీధి పెద్దమ్మ అందరికంటే ముందు నడిచింది. వదిన రాలేదు. రమ్మని నేను అడగలేదు.

గేటు ముందు అన్న ఉన్నాడు. వాడి వెనక ఇంకో ఆరుగురు. ఆ చొక్కాలో వాడు ఎవరో పరాయి మనిషిలాగా ఉన్నాడు.

"ఎల్లిపోండే. ఈడ నిలబడొద్దు" అన్నాడు.

"జరుగు అన్నా. కాయితాలు లోపలిచ్చి పోతాం."

"నాకియ్యి, నేనిస్తా."

"నువ్వెవడివి తీసుకోటానికి?"

"నీ కాళ్లు పట్టుకుంటా, ఎల్లవే. సారు చూస్తన్నాడు" అన్నాడు మెల్లగా. ఆ మాట వాడు మెల్లగా అన్నాడని, బతిమాలుతున్నట్టే అన్నాడని ఇవాళ చెప్పగలను. ఆ రోజు నాకు అదేం వినపడలేదు. నా వెనక ఆడవాళ్లున్నారు, నా చేతిలో కాగితాలున్నాయి, పాత మంటంతా గొంతులో ఉంది.

"పనీపాటా లేక పెళ్లాం కూడు తిని, పెళ్లాం పళ్లూడగొట్టినోడివి, నువ్వు మాకు అడ్డమంటరా?" అని అందరికీ వినపడేట్టు అరిచి, వాడి రొమ్ము మీద చెయ్యి వేసి నెట్టాను.

మొదటి దెబ్బకి కాగితాలు పడ్డాయి. రెండో దెబ్బకి కుడి ముంజేయి మోచేతి కింద వంగకూడని చోట వంగింది. మూడోది భుజం మీద. వాడు కొట్టేదాకా ఆగినట్టు మిగతా ఆరుగురూ అప్పుడు దిగారు. పెద్దమ్మ నడినెత్తి పగిలి రక్తం కళ్లల్లోకి కారింది. ఆమె గుడ్డిదానిలాగా చేతులు చాపి నా పేరు పిలుస్తూ తిరిగింది. ఒకామె బూటు కింద వేళ్లు నలిగి పిల్లలాగా ఏడ్చింది. నేను మట్టిలో పడి, "కొట్టరా, ఇంకా కొట్టు" అంటూనే ఉన్నాను. లోపలినుంచి ఎవరో విజిల్ వేశారు. అన్న ఆగాడు.

నరసరావుపేట ఆస్పత్రిలో, రెండు చోట్ల విరిగిన నా చేతికి లోపల రేకులు వేసి కట్టారు. పక్క మంచం పెద్దమ్మది, తలకి పధ్నాలుగు కుట్లు. మేమే రాళ్లు విసిరి, తోసుకుని, తొక్కిసలాటలో పడ్డామని గేటు తరపువాళ్లు చెబుతున్నారని విన్నాం. మర్నాడు పోలీసు హెడ్డు వచ్చి మా మాటలు రాసుకుంటాడన్నారు. పెద్దమ్మ అందరి తరపునా నాతో ఒకటే మాట చెప్పింది: "నువ్వు నీ అన్న పేరు చెబితే మేమందరం చెబుతాం. నువ్వు చెప్పకపోతే, తోడబుట్టినదే చెప్పనిది మాకెందుకమ్మా." చెబుతానని ఆమె చేతిలో చెయ్యి వేశాను, ఎడమ చెయ్యి.

మా అమ్మ వచ్చి మంచం కోడు పట్టుకుని ఏడ్చింది. కేసయితే వాడి ఉద్యోగం పోతుందంది, పాత కేసులో బెయిలు కూడా పోతుందంది. "పోనీ" అన్నాను. నన్ను కన్న కడుపు మీద కొట్టుకుంది. "ఇంకా కొట్టుకో" అన్నాను. నేను అంత పాపిష్టిదాన్ని.

మర్నాడు పొద్దెక్కాక వదిన వచ్చింది. క్యారేజీలో అన్నం, పెసరపప్పు తెచ్చింది. పక్కన కూర్చుని ముద్దలు కలిపి నాకు పెట్టింది. పెద్దమ్మకి వినపడకుండా నా చెవి దగ్గర మాట్లాడింది.

"మీ అన్న పేరు చెబుతావా అమ్మాయ్?"

"చెబుతా. నీక్కూడా మేలే వదినా, జైల్లో ఉంటే."

"జైల్లో ఎన్నాళ్లుంచుతారు? నెలో, రెండు నెలలో. తర్వాత ఇంటికే గదా వచ్చేది. పని ఉండదు. నేనుంటా." ఇంకో ముద్ద పెట్టింది. "ఈ పనిలో చేరి నాలుగు నెలలు. నాలుగు నెలల్నుంచి నా మీద చెయ్యెత్తలేదు. ఒక్కసారి కూడా లేదు అమ్మాయ్. ఇంటికొచ్చి అన్నం తిని పడుకుంటన్నాడు."

నేను నమలడం ఆపేశాను.

"నువ్వు పడ్డ దెబ్బలు నేను చూడలేదని కాదు. నాకంటే బాగా ఎవరికి తెలుసు ఆ దెబ్బ? కానీ ఆ చేతికి ఆడ పని ఉండనీ. నీ కాళ్లు మొక్కుతా" అంది. కళ్లల్లో నీళ్లు కూడా లేవు. పప్పు అంటిన చెయ్యి నా పాదం మీద పెట్టింది. ఆమె ముఖం చూశాను. ఎక్కడా వాపు లేదు, కమిలిన మచ్చ లేదు. నాలుగు నెలలు ఎదురుగా తిరిగినా నేనది గమనించనే లేదు.

అంతలో హెడ్డు వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, కాగితం తీసి, ఎవరు కొట్టారమ్మా అని అడిగాడు. వదిన గోడవారగా నిలబడి క్యారేజీ మూత బిగిస్తోంది. పెద్దమ్మ కట్టు కట్టిన తల ఇటు తిప్పి నా వైపే చూస్తోంది.

"ఎవరూ కొట్టలేదు సార్. తోపులాటలో పడ్డా" అన్నాను.

ఆయన రాయడం ఆపి నా చేతి వైపు చూశాడు. "పడితే రెండు చోట్ల విరుగుద్దా అమ్మా?"

"విరుగుద్ది సార్."

ఆయన రాసుకున్నాడు. పెద్దమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. ఆస్పత్రిలో ఉన్న తొమ్మిది రోజులూ మళ్లీ నాతో మాట్లాడలేదు.